మూడు వారాల బియ్యం

1944 మార్చిలో చింద్విన్ నదిని దాటి మణిపూర్ కొండల వైపు నడిచిన జపాన్ సైనికుడి వీపు మూటలో ఉన్న తిండి సుమారు మూడు వారాలకు సరిపడేది. ఆ మూడు వారాల్లో ఇంఫాల్ చేజిక్కుతుందనీ, అక్కడి బ్రిటిష్ గిడ్డంగుల్లో ఉన్న సరుకుతో ఆ పై యుద్ధం నడుస్తుందనీ జపాన్ పదిహేనో సైన్యానికి అధిపతి అయిన రెన్యా ముతగుచి లెక్క వేశాడు. గడువు దాటింది గాని ఇంఫాల్ చిక్కలేదు. ఆ తరువాత జూలై దాకా ఆ కొండల్లో జరిగినదాన్ని యుద్ధమని ఎంత అనవచ్చో కరువని కూడా అంతే అనవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం గురించి ఏది చదివినా నా ఆలోచన తిరిగి తిరిగి ఆ మూట దగ్గరికే వస్తుంది. యుద్ధం ఎక్కడ మలుపు తిరిగిందన్న ప్రశ్నకు ఒక ఊరు, ఒక తేదీ, ఒక సేనాని పేరు చెప్పడం మనకు బడిలో అలవాటైంది. స్టాలిన్‌గ్రాడ్, ఎల్ అలమీన్, మిడ్‌వే, నార్మండీ అని వరసగా అప్పజెప్పాం. ఆ యుద్ధాల గొప్పతనాన్ని నేను కాదనను. అయితే అప్పటికే తిరిగిపోయిన మలుపును అవి లోకానికి చూపించాయన్నది నా వాదన. జర్మనీ, జపాన్ రెండూ తమకు ఏళ్ల తరబడి పోరాడే నూనె, తిండి, మనుషులు లేరని తెలిసే, ఎదుటివాడు తేరుకునేలోగా ముగించి, అతని గిడ్డంగి మీదే బతకాలన్న లెక్కతో యుద్ధంలోకి దిగాయి. ఆ లెక్క తప్పిన చోటే అసలు మలుపు. తూర్పు ఐరోపాలో ఆ చోటు 1941 డిసెంబరు నాటి మాస్కో పొలిమేర, మన వైపున ఇంఫాల్, కోహిమా. మొదటిదాన్ని స్టాలిన్‌గ్రాడ్ నీడలో ఉంచేశాం. రెండోదాన్ని, అది మన దేశంలోనే జరిగినా, దాదాపు మరిచిపోయాం.

1941 జూన్ 22 తెల్లవారుజామున సోవియట్ సరిహద్దు దాటిన జర్మన్ సైనికులు ముప్పై లక్షలకు పైమాటే. వారితో పాటు సుమారు 3,500 ట్యాంకులు, 6 లక్షలకు పైగా గుర్రాలు కదిలాయి. ఈ గుర్రాల సంఖ్య దగ్గర పాఠకులను కాసేపు ఆగమంటాను, ఎందుకంటే యంత్రాల మీద మెరుపులా దూసుకుపోయిన సైన్యమని మనం విన్న ఆ జర్మన్ సేనలో ఫిరంగులనూ తిండినీ మోసింది చాలా వరకు గుర్రపు బండ్లే, వెనక నడిచింది కాలిబంటులే. జూలై 3న జర్మన్ సైనిక ప్రధానాధికారి ఫ్రాంజ్ హాల్డర్ తన డైరీలో రష్యా మీద యుద్ధం రెండు వారాల్లోనే గెలిచేశామంటే అతిశయోక్తి కాబోదని రాసుకున్నాడు. ఆగస్టు 11న అదే డైరీలో, శత్రువుకు దాదాపు 200 డివిజన్లు ఉంటాయని మొదట అనుకున్నామనీ, ఇప్పటికే 360 లెక్కకు వచ్చాయనీ రాశాడు. ఈ రెండు తేదీల నడుమ నలభై రోజులైనా లేవు. ఆ నడిమి కాలంలో జర్మన్లు ఒక్క పెద్ద యుద్ధమైనా ఓడిపోలేదు, పైగా లక్షల మందిని బందీలుగా పట్టుకున్నారు. గెలుపు మీద గెలుపు వస్తూ ఉండగానే గడువు కరిగిపోతున్న సంగతిని వాళ్లలో ఒకడు కాగితం మీద పెట్టాడు.

గడువు కరగడానికి కారణం ఎర్రసైన్యం మొండితనం ఒక్కటే కాదు. రష్యా రైలు పట్టాల మధ్య వెడల్పు 1,524 మిల్లీమీటర్లు, జర్మనీలో 1,435. ఆ 89 మిల్లీమీటర్ల తేడా వల్ల జర్మన్ రైళ్లు సరిహద్దు దాటి పోలేకపోయాయి, పట్టాలను ఒక్కొక్క మైలు చొప్పున దగ్గరకు జరిపి మళ్లీ బిగించాల్సి వచ్చింది. పట్టాలు అందని చోటికి లారీలు, లారీలు కూరుకుపోయిన చోటికి గుర్రాలు వెళ్లాలి. అక్టోబరు వానలకు మట్టి దారులు ఊబిగా మారాయి. నవంబరులో చలి గడ్డకట్టించింది. చలి బట్టలు లేక జర్మన్లు ఓడారని తరచూ చెబుతారు గాని, ఆ బట్టల్లో చాలా భాగం పోలండ్ గిడ్డంగుల్లో ఉండనే ఉంది. నడిచే కొద్దిపాటి రైళ్లలో తూటాలకూ పెట్రోలుకూ చోటిచ్చాక కోట్లకు చోటు మిగలలేదు. కాబట్టి జర్మన్లను చలికాలం ఓడించిందనడం నాకు సరిగా తోచదు, చలికాలం రాకముందే ముగించాలన్న లెక్క వారిని ఓడించింది.

ఆ లెక్కలో ఇంకొక అంశం ఉంది, రాయడానికి చేయి రాని అంశం. దండయాత్రకు వెళ్లిన సైన్యం ఆ నేల మీది పంటనే తిని బతకాలనీ, దానివల్ల అక్కడి కోట్ల మంది ఆకలితో చనిపోయినా ఫరవాలేదనీ బెర్లిన్ అధికారులు దాడికి ముందే ప్రణాళిక రాసుకున్నారు. 1941లో బందీలైన సోవియట్ సైనికుల్లో ఇరవై లక్షల మంది దాకా 1942 వసంతం చూడకుండానే పోయారు. వారిలో అత్యధికులను చంపింది ఆకలి, చలి, జబ్బులు. లెనిన్‌గ్రాడ్ 872 రోజులు ముట్టడిలో ఉండిపోయింది. తక్కువ గడువు లెక్క వేసుకున్నవాడు ఆ గడువు ఖర్చును ఎదుటివాడి కంచం నుంచి లాక్కుంటాడు. యుద్ధాలను బాణాల గుర్తులతో పటాల మీద గీసి చూపినప్పుడు ఈ సంగతి కనబడదు, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

1941 నవంబరు 7న మాస్కో ఎర్ర కూడలిలో కవాతు చేసిన సైనికులు అటు నుంచి అటే యుద్ధరంగానికి నడిచారు. అప్పటికే 1,500కు పైగా కర్మాగారాలను విప్పి, రైళ్ల మీద యూరల్ పర్వతాల అవతలికీ వోల్గా ప్రాంతానికీ తరలించేస్తున్నారు. నవంబరు చివరికి తూర్పు రంగంలో జర్మన్లు 7 లక్షలకు పైగా సైనికులను చావుల రూపంలో, గాయాల రూపంలో, గల్లంతు రూపంలో పోగొట్టుకున్నారు. నవంబరు 29న ఆయుధ మంత్రి ఫ్రిట్జ్ టోట్ హిట్లర్ ఎదుటే ఈ యుద్ధాన్ని ఇక సైనికంగా గెలవలేమని చెప్పాడు. వారం తిరక్కుండానే, డిసెంబరు 5, 6 తేదీల్లో, సోవియట్ సేనాని జూకొవ్ ఎదురుదాడి మొదలైంది. 7న అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి. 11న జర్మనీ తనంతట తానే అమెరికా మీద యుద్ధం ప్రకటించింది. 19న హిట్లర్ భూసేన సర్వాధిపత్యాన్ని స్వయంగా తీసుకున్నాడు. ఈ పక్షం రోజులను మించిన మలుపు ఆ యుద్ధంలో మరొకటి నాకు కనిపించదు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. మాస్కో తరువాత కూడా జర్మన్లు వోల్గా దాకా, కాకసస్ కొండల దాకా వెళ్లారు కదా, 1942 వేసవిలో సోవియట్ దేశం కూలిపోయే స్థితికి వచ్చింది కదా, 'ఒక్క అడుగు కూడా వెనక్కి వద్దు' అన్న 227వ ఉత్తర్వును స్టాలిన్ జూలై 28న జారీ చేయవలసి వచ్చింది కదా అని అడిగేవారు న్యాయంగానే అడుగుతున్నారు. కానీ ఆ 1942 వేసవి దాడి ఎలాంటిదో చూడండి. ముందటి ఏడు బాల్టిక్ తీరం నుంచి నల్లసముద్రం దాకా మూడు దిక్కుల్లో ఒకేసారి కదిలిన సైన్యం, ఈసారి దక్షిణాన ఒక్క దిక్కులోనే కదలగలిగింది. కదిలింది కూడా మైకోప్, గ్రోజ్నీ, బాకు నూనె బావుల కోసం, అంటే దీర్ఘ యుద్ధానికి కావలసిన చమురు తన దగ్గర లేదని ఒప్పుకొని. ఆగస్టులో మైకోప్ చేరేసరికి సోవియట్ వారు బావులను పాడుచేసి వెళ్లిపోయారు. పోయిన మనుషుల స్థానంలో నింపడానికి జర్మన్లు చాలక, స్టాలిన్‌గ్రాడ్ మీదికి వెళ్లిన ఆరో సైన్యానికి రెండు పక్కలా రొమేనియా, ఇటలీ సైన్యాలను నిలబెట్టారు. నవంబరు 19న సోవియట్ దెబ్బ సరిగ్గా ఆ రొమేనియా వరుసల మీదే పడింది. నాలుగు రోజుల్లో, 23న, కలాచ్ దగ్గర ఉచ్చు బిగిసింది. పక్కలు బలహీనపడడానికి మూలం ఏడాది ముందు మాస్కో దారిలో పోయిన లక్షల మంది.

ఇంత చెప్పాక కూడా స్టాలిన్‌గ్రాడ్ వీధుల్లో పోరాడినవారి పట్ల నా గౌరవం అణుమాత్రం తగ్గదు. మమాయెవ్ దిబ్బ మీదా, వోల్గా ఒడ్డున కొన్ని వందల గజాల నేల మీదా చూయికొవ్ 62వ సైన్యం పట్టు విడవకపోతే ఆ ఉచ్చుకు ఎర అనేదే ఉండేది కాదు. అయితే ఆ నగరం నుంచి నేను నేర్చుకున్నది వేరొక సంగతి. చుట్టుముట్టబడిన రెండున్నర లక్షల మందికి పైగా ఉన్న సైన్యాన్ని విమానాల ద్వారా పోషిస్తామని జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ మాట ఇచ్చాడు. రోజుకు కనీసం 300 టన్నులు కావాలన్నది లెక్క. సగటున అందినది అందులో సగం కూడా లేదు. ముందు గుర్రాలను తిన్నారు, తరువాత తినడానికి ఏమీ మిగలలేదు. 1943 ఫిబ్రవరి 2 నాటికి లొంగిపోయిన సుమారు 91,000 మందిలో తిరిగి జర్మనీ నేల మీద కాలు పెట్టినవారు ఆరు వేలకు మించరు. ఈ విమానాల సంగతిని గుర్తుంచుకోమని కోరుతున్నాను, ఇంఫాల్ దగ్గర దానికి పని ఉంది.

ఎల్ అలమీన్ గురించి ఎక్కువ చెప్పను. అక్కడి జర్మన్ సేనాని రోమెల్ ట్యాంకులకు పెట్రోలు మోసే ఓడలు మధ్యధరా సముద్రంలో మునిగిపోతున్నంత కాలం ఆ ఎడారిలో ఎవరు ఎంత నేర్పుగా యుద్ధం చేసినా ఫలితం ఇంచుమించు అదే అయ్యేది.

పసిఫిక్ సముద్రంలో గడువు మరింత స్పష్టంగా, ముందే మాటల్లో చెప్పి పెట్టినట్టుగా కనిపిస్తుంది. జపాన్ తనకు కావలసిన చమురులో ఎక్కువ భాగాన్ని అమెరికా నుంచే కొనేది. 1941 ఆగస్టులో అమెరికా ఆ చమురును ఆపేసింది. ఆ నాటి నుంచి జపాన్ నౌకాదళం నిల్వలను తాగుతూ రోజులు లెక్కపెట్టుకుంది. అమెరికాను దగ్గరగా చూసివచ్చిన అడ్మిరల్ యమమోతో, మొదటి ఆరు నెలలో ఏడాదో గట్టిగా పోరాడగలను గాని యుద్ధం రెండేళ్లు, మూడేళ్లు సాగితే తనకు నమ్మకం లేదని ప్రధాని కొనోయేకు చెప్పాడు. 1941 డిసెంబరు 7 నుంచి 1942 జూన్ 4 వరకు లెక్కిస్తే మూడు రోజులు తక్కువగా ఆరు నెలలు. ఆ జూన్ 4న మొదలైన మిడ్‌వే యుద్ధంలో అకాగి, కాగా, సోర్యూ, హిర్యూ అనే నాలుగు విమానవాహక నౌకలు మునిగిపోయాయి. జపాన్ సంకేత లిపిని అమెరికన్లు ఛేదించడం, పగడాల సముద్రంలో దెబ్బతిన్న యార్క్‌టౌన్ నౌకను పెర్ల్ హార్బర్ కార్మికులు మూడు రోజుల్లో మళ్లీ సముద్రంలోకి పంపడం, ఇవన్నీ తెలిసిన సంగతులే. నాకు ముఖ్యమనిపించేది పెర్ల్ హార్బర్ నాడు జపాన్ విమానాలు ముట్టకుండా వదిలిన నూనె ట్యాంకులు, మరమ్మతు రేవులు. యుద్ధనౌకల మీద బాంబులు వేసిన వారి దృష్టిలో గిడ్డంగులకు విలువ లేకపోయింది. ఆ ఆగస్టులో మొదలైన గ్వాడల్‌కెనాల్ పోరులో అదే నిర్లక్ష్యానికి జపాన్ సైనికులు ప్రాణాలతో మూల్యం చెల్లించారు. ఆ దీవిని వారే 'ఆకలి దీవి' అని పిలుచుకున్నారు.

ఆ ఆరు నెలల విజృంభణ మన తీరాన్ని కూడా తాకింది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మా నాయనమ్మ అప్పటికి కొత్త పెళ్లికూతురు. మూటాముల్లే సర్దుకొని బండ్లు కట్టుకొని పల్లెలకు పోయిన జనం గురించి ఆమె చెబుతూ ఉంటే, చిన్నతనంలో నాకది కథలా ఉండేది. అయితే మా ఇంట్లో ఆ యుద్ధం తెచ్చిన అసలు దిగులు బాంబులది కాదు, రంగానిది. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వాళ్లకు రంగూన్ అంటే రంగమే. రేవుల్లో మూటలు మోయడానికీ, బియ్యం మిల్లుల్లో పనికీ తరాలుగా మనవాళ్లు ఓడెక్కి రంగం పోయేవారు. మా పెదతాత గారు అక్కడి రేవులో పనిచేసేవారు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. ఓడలు దొరకని లక్షలాది భారతీయులు కాలినడకన కొండలు దాటారు. దారిలో కలరాకూ, మలేరియాకూ, ఆకలికీ పోయినవారు వేలకు వేలు. మా పెదతాత గారు తమూ, పల్లెల్, ఇంఫాల్ మీదుగా దిమాపూర్ దాకా నడిచి, అక్కడ రైలెక్కి, ఎన్నో రైళ్లు మారి విజయనగరంలో దిగారు. ఇంటికి వచ్చాక చాలా కాలం తలగడ కింద అటుకుల మూట పెట్టుకొని పడుకునేవారట. ఆ మాట నాయనమ్మ చెప్పినప్పుడు నాకు అర్థం కాలేదు, ఇంఫాల్ యుద్ధం గురించి చదివాక అర్థమైంది.

ముతగుచి దగ్గర మూడు డివిజన్లు, సుమారు 85,000 మంది సైనికులు ఉన్నారు. లారీలు పోలేని కొండదారులు కాబట్టి పశువుల మందలను వెంట తోలుకుపోయి, అవసరమైనప్పుడు కోసుకు తినవచ్చని ఆలోచించాడు. చింద్విన్ దాటేటప్పుడే చాలా పశువులు కొట్టుకుపోయాయి. అటువైపు, బ్రిటిష్ సేనాని విలియం స్లిమ్ తన పద్నాలుగో సైన్యాన్ని ముందుకు తోసి పోరాడించకుండా, ఇంఫాల్ మైదానం దాకా వెనక్కి తీసుకున్నాడు. శత్రువును అతని గిడ్డంగికి దూరంగా, తన గిడ్డంగికి దగ్గరగా రప్పించడం అతని ఉద్దేశం. ఉఖ్రుల్ వైపు సాంగ్షాక్ అనే ఊరి దగ్గర భారత పారాచూట్ బ్రిగేడ్ ఒకటి మార్చి చివరి వారంలో కొద్ది రోజులు అడ్డు నిలిచి చితికిపోయింది. మూడు వారాల తిండితో వచ్చినవాడికి ఆ కొద్ది రోజులు ఎంత విలువైనవో ఊహించండి.

ఏప్రిల్ మొదట్లో కోహిమా ముట్టడిలో పడింది. డిప్యూటీ కమిషనర్ బంగ్లా టెన్నిస్ కోర్టుకు అటు ఒక దళం, ఇటు ఒక దళం కందకాలు తవ్వుకొని, చేతి బాంబులు విసిరితే అందేంత దూరంలో పోరాడారు. రాయల్ వెస్ట్ కెంట్ సైనికులతో పాటు అస్సాం రెజిమెంటు, అస్సాం రైఫిల్స్ వారు ఆ శిఖరాన్ని పట్టుకొని నిలిచారు. గాయపడినవారిని మోసింది, అడవి దారులు చూపింది, శత్రువు జాడ చెప్పింది నాగా గ్రామాల ప్రజలు. వారి ఊళ్లే కాలిపోయాయన్న సంగతి మన పుస్తకాల్లో ఒక వాక్యమైనా అందుకోలేదు.

ఇంఫాల్ లోపల లక్షా యాభై వేల మంది చిక్కుకున్నారు. ఇక్కడ స్టాలిన్‌గ్రాడ్‌ను గుర్తు చేసుకోవాలి. గోరింగ్ మాట తప్పిన పనిని ఇక్కడి విమానాలు చేసి చూపించాయి. ముట్టడి కాలంలో సుమారు 19,000 టన్నుల సరుకు, 12,000 మంది సైనికులు ఆకాశమార్గాన లోపలికి వచ్చారు. 13,000 మంది క్షతగాత్రులూ, పోరాటంతో పనిలేని 43,000 మందీ బయటికి వెళ్లారు. బర్మా తీరంలోని అరకాన్ నుంచి భారత ఐదో డివిజన్‌ను ఫిరంగులతో, కంచరగాడిదలతో సహా విమానాల్లో తెచ్చి దించారు. చుట్టుముట్టినవాడు ఆకలితో ఉంటే, చుట్టుముట్టబడినవాడు అన్నం తిని పోరాడిన వింత ఇంఫాల్‌లో జరిగింది.

ఈ గెలుపు గురించి చెప్పేటప్పుడు బెంగాల్‌ను దాచిపెడితే తప్పు చేసినవాణ్నవుతాను. బర్మా బియ్యం ఆగిపోవడం, శత్రువుకు చిక్కకూడదని తీరప్రాంతపు పడవలను ప్రభుత్వమే లాక్కోవడం, ధరలు, తుపాను, పాలకుల నిర్దయ అన్నీ కలిసి 1943లో సుమారు 30 లక్షల మందిని పొట్టనబెట్టుకున్నాయి. ఇంఫాల్‌కు సరుకు వెళ్లిన దారి ఆ బెంగాల్ మీదుగానే వెళ్లింది. గిడ్డంగులే యుద్ధాన్ని గెలిపించాయని నేను అంటున్నప్పుడు, ఆ గిడ్డంగులు ఎవరికి తలుపు తెరవలేదో కూడా అదే గొంతుతో చెప్పాలి.

పోరాడినవారు రెండు వైపులా మనవాళ్లే. స్లిమ్ సైన్యంలో అత్యధికులు భారతీయులు. జపాన్ వైపున సుభాష్ చంద్ర బోస్ ఆజాద్ హింద్ ఫౌజు నిలిచింది, ఏప్రిల్ 14న మొయిరాంగ్‌లో దాని జెండా ఎగిరింది. ఈ రెండో వైపును మనం కొంతైనా గుర్తుంచుకున్నాం. మొదటి వైపు పరాయి ప్రభువు కోసం పోరాడిందన్న బెరుకుతో వదిలేశాం. 2013లో బ్రిటన్ జాతీయ సైనిక మ్యూజియం నిర్వహించిన ఓటింగులో వాటర్లూనూ నార్మండీనీ దాటి ఇంఫాల్, కోహిమాలే బ్రిటన్ పోరాడిన గొప్ప యుద్ధంగా ఎంపికయ్యాయి. ఆ యుద్ధంలో ఎక్కువ భాగం పోరాడినవారి దేశంలో మాత్రం ఇంకా ఆ ఊసు లేదు. కోహిమా సమాధుల తోటకు నేను వెళ్లినప్పుడు టెన్నిస్ కోర్టు గీతలు సిమెంటుతో గుర్తుపెట్టి కనిపించాయి. పై మెట్టు మీద, దహనమైన హిందూ, సిక్కు సైనికుల కోసం కట్టిన స్మారకం మీద 917 పేర్లు ఉన్నాయి. నేను ఉన్న గంటసేపట్లో కింది సమాధుల దగ్గర ఆగినవారు చాలామంది, ఈ పేర్లు చదివినవారు ఎవరూ కనబడలేదు.

మే చివర్లో 31వ డివిజన్ అధిపతి సాతో, తన మనుషులకు వారాలుగా గింజ అందలేదని చెప్పి, ముతగుచి ఆజ్ఞను ధిక్కరించి కోహిమా నుంచి వెనక్కి తిరిగాడు. జూన్ 22న ఇంఫాల్ రోడ్డు 109వ మైలురాయి దగ్గర ఉత్తరం నుంచి వచ్చిన సైన్యమూ లోపలి సైన్యమూ కలుసుకున్నాయి. సరిగ్గా మూడేళ్ల కిందట హిట్లర్ సైన్యం సోవియట్ సరిహద్దు దాటిన తేదీ అది. బేలారస్‌లో జర్మన్ మధ్య సేనావాహినిని తుడిచిపెట్టిన సోవియట్ వారి బగ్రతియాన్ దాడి కూడా దాదాపు ఆ రోజునే మొదలైంది. అప్పటికి నార్మండీలో దిగి పదహారు రోజులు.

జూలైలో జపాన్ దళాలు వానలో బర్మా వైపు నడిచాయి. దండయాత్రలో చనిపోయిన సుమారు 30,000 మందిలో ఆకలికీ జబ్బులకూ పోయినవారే ఎక్కువ. బతికి బయటపడ్డవారు ఆ తిరుగు దారికి ఎముకల దారి అని పేరు పెట్టారు. ఆ దారుల్లో ఒకటి పల్లెల్ నుంచి తమూకు దిగే కొండదారి. రెండేళ్ల ముందు మా పెదతాత గారు అటు నుంచి ఇటు ఎక్కివచ్చింది దాని మీదే.